రూబిక్ డిస్ట్రెస్డ్: పోస్టరుకు పనికొచ్చే అరిగిన అచ్చు

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభించే రూబిక్ డిస్ట్రెస్డ్, హ్యూబర్ట్ అండ్ ఫిషర్ అనే డిజైన్ సంస్థ రూపొందించిన రూబిక్ ఫాంటును ఆధారం చేసుకొని, ఆ బరువైన అక్షరాల మీద పెచ్చులూడిన గోడరాతల గరుకుతనాన్ని తెచ్చిపెట్టిన శీర్షికల ఫాంటు. మూలంలోని కాస్త గుండ్రటి మూలలు, మందమైన గీతలు చెక్కుచెదరకుండా ఉండటం వల్ల ఇంత అరుగుదలలోనూ అక్షరం పోల్చుకోవడం కష్టం కాదు. ఈ తరహా ఫాంట్లలో చాలావాటికి లేని గుణమిది.

పెద్ద పరిమాణంలోనే దీని అందం తెలుస్తుంది. చిన్నదిగా వాడితే ఆ గరుకుదనం మురికిలా కనిపిస్తుంది, టీషర్టుల స్క్రీన్ ప్రింటింగ్‌లోనైతే సన్నని ఖాళీలు సిరాతో పూడిపోయే ప్రమాదం ఉంది. ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు వచ్చినప్పుడు మచ్చలు కూడా అచ్చంగా అవే రావడంతో సహజత్వం చెడుతుంది కాబట్టి, అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే టైపు చేసిన పాఠంలా కాక దిద్దుకోగల బొమ్మలుగా మార్చి, ఒకదానిలో కొన్ని మచ్చలు చెరిపివేయడం మంచిది. వినైల్ స్టిక్కర్ల కటింగుకు మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను. అన్ని చిన్న ముక్కలను ఏరి తీయడం ఎవరి వల్లా కాదు.

లాటిన్, సిరిలిక్, హీబ్రూ లిపులున్న ఈ ఫాంటులో తెలుగు లేదు. తెలుగు శీర్షిక జతచేయాలంటే అదే గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర బరువులో దీనికి దీటుగా నిలుస్తుంది, కానీ గరుకుదనాన్ని విడిగా టెక్స్చర్ మాస్కుతో (అక్షరాల మీద అక్కడక్కడా మచ్చలుగా చెరిపే గరుకు పొరతో) అద్దుకోవలసిందే. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నందున వ్యాపార పనులకు నిశ్చింతగా వాడుకోవచ్చు.