సెకండ్‌హ్యాండ్ డిమ్మర్ ర్యాకులు కొంటున్నారా? డెస్క్‌లో ప్యాచ్ చూడకుండా పైసలు ఇవ్వొద్దు

నాటక సమాజాల వాళ్లు, కాలేజీ ఆడిటోరియం చూసుకునేవాళ్లు, చిన్నచిన్న ఈవెంట్లు చేసే తమ్ముళ్లు ఒకసారి ఇది చదవండి. హైదరాబాద్‌లో పాత లైటింగ్ సామాను అమ్మే ఒకతని దగ్గర మా నల్లగొండ సమాజం వాళ్లు 12 ఛానళ్ల డిమ్మర్ ర్యాకులు (స్టేజీ లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లు ఛానల్‌కి ఒకటి చొప్పున ఉండే పెట్టెలు) రెండు, వాటితో పాటు వాటిని నడిపే ఒక కంట్రోల్ డెస్క్ కలిపి 1,40,000 రూపాయలకు కొన్నారు. 24 ఛానళ్లలో 7 చచ్చినవే. చచ్చిన సరుకు అమ్మడం కొత్తేం కాదు, కానీ అవి బతికున్నట్టు చూపించిన తీరు చూస్తే మతిపోతుంది.

డెమోకి ఒకే ఒక్క వెయ్యి వాట్ల పార్ క్యాన్ (డబ్బా లాంటి స్టేజీ లైటు) తెచ్చాడు. దాని ప్లగ్గు ర్యాక్ మీది ఒకటో సాకెట్‌లో పెట్టి డెస్క్ మీది ఒకటో ఫేడర్ (పైకీ కిందికీ జరిపే మీట) లేపాడు, వెలిగింది. తీసి రెండోదాంట్లో పెట్టి రెండో ఫేడర్ లేపాడు, వెలిగింది. ఇట్లా 24 దాకా. ఎవరైనా అన్నీ బాగున్నాయనే అనుకుంటారు. అసలు కిటుకు రెండు చోట్ల ఉంది. ర్యాక్ లోపల ఆరో డిమ్మర్ కాలిపోయింది కాబట్టి ఆరో సాకెట్‌ని పక్కనున్న ఐదో డిమ్మర్‌కి కలిపేశాడు. ఇటు డెస్క్‌లో ఆరో ఫేడర్‌ని కూడా ఐదో డిమ్మర్‌కే ప్యాచ్ చేశాడు, అంటే దాన్నే నడిపేలా పెట్టాడు. ఇక ఆరో ఫేడర్ లేపితే పనిచేసేది ఐదో డిమ్మరు, వెలిగేది ఆరో సాకెట్‌లోని లైటు. అదే సమయంలో ఐదో సాకెట్‌లో కూడా కరెంటు ఉంటుంది, కానీ అక్కడ లైటే లేదు కదా, తెలిసేదెట్లా?

కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఫేడర్ నంబరుకీ డిమ్మర్ నంబరుకీ పుట్టుకతో సంబంధం ఏమీ లేదు, ఏది దేన్ని నడపాలో డెస్క్‌లో మనం రాసిపెట్టేదే ప్యాచ్. డెస్క్ నుంచి ర్యాకులకు సిగ్నల్ తీసుకెళ్లే డీఎంఎక్స్ లైను ఒకదాంట్లో 512 ఛానళ్ల నంబర్లు పోతాయి, ర్యాక్ మీద పెట్టిన అడ్రస్ నుంచి వరసగా 12 ఆ ర్యాకువి. మొదటి ర్యాక్ 1 దగ్గర మొదలైతే రెండోది 13. ఈ డెస్క్ ఒకే డిమ్మర్‌ని రెండు ఫేడర్లకు ఇవ్వనిచ్చే రకం. అట్లా ఒప్పుకోని డెస్కులు కూడా ఉన్నాయి, కానీ వాటిలోనూ సబ్‌మాస్టర్ (ముందే రికార్డు చేసిపెట్టిన లైట్లను లేపే ఫేడర్) మీద ఐదో ఛానల్ రికార్డు చేసి ఇదే ఆట ఆడొచ్చు.

రిహార్సల్‌కి మేం మా సొంత ప్యాచ్ వేసుకునేసరికి బండారం బయటపడింది. దర్బారు సీన్‌లో రాజు మొహం మీద లైటు లేపితే వెనక నీలం తెర కూడా వెలిగింది, నీలానికి ఇచ్చిన ఫేడర్ ఎంత లేపినా ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒక్కో సాకెట్‌కి వెయ్యి వాట్లవి రెండేసి ఉన్నాయి, అంటే రెండు సాకెట్లూ కలిసి ఒకే 10 ఆంపియర్ల డిమ్మర్ మీద 4,000 వాట్లు, 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు దాటింది. రాజు పద్యం పూర్తి కాకముందే ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోయింది. పడి మేలు చేసింది, లేకపోతే ఆ బతికున్న ట్రయాక్ (డిమ్మర్ లోపల కరెంటుని పెంచి తగ్గించే భాగం) కూడా పోయేది. మెయిన్ ఆపి మూత విప్పి చూస్తే, ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన వైర్ల మధ్య వేలెడంత కొత్త ఎర్ర వైరు ముక్క మెరుస్తోంది, ఐదో టెర్మినల్ నుంచి ఆరోదానికి. ఆరో ట్రయాక్ ఉండాల్సిన చోట హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) మీద ఖాళీ స్క్రూ రంధ్రం, ఎండిపోయిన తెల్ల పేస్టు, చుట్టూ నల్లటి మరక. ఇట్లాంటివి ఏడు!

ఫోన్ చేస్తే "చూసుకునే కదా సార్ తీస్కపోయిన్రు, లోడ్ మీరే ఎక్కువ పెట్టి ఉంటరు" అన్నాడు. ఆ తర్వాత ఎత్తడమే మానేశాడు. మహబూబ్‌నగర్ దిక్కు ఇంకో బృందానికి కూడా ఇలాంటి సెట్టే అంటగట్టాడని ఇప్పుడు తెలుస్తోంది.

కాబట్టి కొనేముందు ప్యాచ్, మెమరీలు అన్నీ చెరిపించి వన్ టు వన్ ప్యాచ్ (ఒకటో ఫేడర్‌కి ఒకటో డిమ్మర్, రెండోదానికి రెండోది) వేయించండి, ఫేడర్లు మీ చేత్తో లేపండి. "షో ఫైల్ పోతది సార్" అని నసిగితే అక్కడే లేచి వచ్చేయండి, అమ్మేసే డెస్క్‌లో ఆయనకు షో ఫైలు, అంటే దాచిపెట్టిన లైటింగ్ సెట్టింగులు, ఎందుకు? ఒక్క లైటుతో ఎప్పుడూ చూడొద్దు, పక్కపక్క సాకెట్లలో కనీసం నాలుగైదు హాలోజన్లు పెట్టి ఒక్కో ఫేడర్ లేపితే ఏది దేనికి తగులుకుందో కళ్లముందే కనిపిస్తుంది. మల్టీమీటర్ వోల్టేజీ చూపించింది కదా అని మురిసిపోవద్దు, లోడ్ లేకపోతే ఆపేసిన డిమ్మర్ కూడా లీకేజీతో వోల్టేజీ చూపిస్తుంది. ఎల్ఈడీ పార్‌తో మాత్రం టెస్ట్ చేయొద్దు, డిమ్మర్ కరెంటుకి దాని లోపలి సప్లై పాడైపోవచ్చు.

ఇంకొకటి, ర్యాక్ ఎత్తి చూడండి. పెద్ద హీట్ సింకు, ఛానల్‌కి ఒక చోకు (గుయ్‌మనే శబ్దాలు తగ్గించే రాగి తీగ చుట్ట) చొప్పున ఉన్న 12 ఛానళ్ల ర్యాక్ ఒక్కరే ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఒంటిచేత్తో లేస్తే చోకులు లేనట్టే, రాగి కోసం పీకి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఫేడర్ సగంలో ఆపి వినండి, ఫిలమెంట్ గీపెట్టినా, పక్కనున్న స్పీకర్‌లో గుయ్‌మని వినిపించినా అనుమానించాల్సిందే. త్రీ ఫేజ్ ర్యాక్ అయితే న్యూట్రల్ వైరు లావు చూడండి, లైట్లు సగంలో ఉన్నప్పుడు న్యూట్రల్‌లో ఫేజ్ కంటే ఎక్కువ కరెంటు కూడా పారొచ్చు. డీఎంఎక్స్ కేబుల్ అని మైక్ కేబుల్ కూడా అంటగట్టాడు, అది ఆ మనిషి చేసిన తప్పుల్లో చిన్నది.

బిల్లు మాత్రం పట్టుబట్టి తీసుకోండి, ఏ ఛానళ్లు పనిచేస్తున్నాయో దాని మీదే రాయించండి. అమ్మినవాడు హైదరాబాద్‌లో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. కాకపోతే వ్యాపారం కోసం కొన్న సరుకుకి ఈ చట్టం వర్తించదు, సొంతంగా పొట్ట పోసుకునేందుకు కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఈవెంట్ల వాళ్లు ఆ సంగతి లాయర్‌ని అడగండి.

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టుపక్కల ఎవరైనా ఇప్పుడు ఇలాంటి సెట్టు బేరం ఆడుతుంటే అడ్వాన్స్ ఇవ్వకముందే కింద కామెంట్ పెట్టండి. ఆదివారం అయితే హాలోజన్లు, క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పట్టుకుని నేనే వస్తా.