భీమిలిలో రెండు రాత్రులు

విశాఖ వెళ్ళిన ప్రతిసారీ భీమిలిని ఒక మధ్యాహ్నంలో చుట్టేసి, చీకటి పడకముందే నగరానికి తిరిగి వచ్చేసేవాళ్ళం. మొన్న సంక్రాంతి తరువాత అమ్మతో వెళ్ళినప్పుడు ఆ పొరపాటు చేయలేదు. ఒక రాత్రి ఆర్కే బీచ్ దగ్గర, రెండు రాత్రులు భీమిలిలో ఉన్నాం. మళ్ళీ వెళ్తే మూడు రాత్రులూ భీమిలిలోనే ఉంటాను.

ఆర్కే బీచ్ దగ్గరి హోటల్‌లో గది శుభ్రంగా ఉంది, లిఫ్ట్ ఉంది. కానీ అర్ధరాత్రి దాకా వాహనాల హారన్లు ఆగలేదు. సముద్రం ఎదురుగానే ఉన్నా దాని చప్పుడు మాకు వినపడలేదు.

మరునాడు భీమిలి బస్సెక్కాం. తీరం వెంట సుమారు పాతిక కిలోమీటర్ల ప్రయాణం. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. రుషికొండ దాటాక సముద్రం చాలాసేపు పక్కనే వస్తుంది.

భీమిలిలో బస విషయం కొంచెం చెప్పాలి. సముద్రం కనిపించే గది అని ఫోనులో చెప్పి డబ్బు తీసుకున్నారు. తీరా వెళితే కిటికీ నిండా పక్కింటి నీళ్ళ ట్యాంకే. లిఫ్ట్ లేదు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నాకు కోపం వచ్చింది, గట్టిగానే అడిగాను. సాయంత్రానికి కింది అంతస్తులో ముందువైపు గది ఇచ్చారు. వేడినీళ్ళు కుళాయిలో రావు, బకెట్‌తో తెచ్చి పెడతారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు మెట్లెన్ని, కిటికీ ఎటువైపు అని ముందే అడిగి, గది ఫోటో తెప్పించుకోండి.

ఇంత ఇబ్బందినీ మరిపించింది తెల్లవారుజాము. ఆరు కాకముందే ఒడ్డుకు వెళ్ళాం. ఇరవై మందికి పైగా రెండు జట్లుగా నిలబడి, పెద్దవల తాళ్ళు నడుముకు ఆనించుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతున్నారు. వల ఒడ్డుకు చేరడానికి గంట దాటింది. తీరా విప్పితే నెత్తళ్ళు, గుప్పెడు కానాగంతలు. వల కన్నుల్లో కాలు ఇరుక్కున్న ఒక పీతను ఒక కుర్రవాడు ఒక్కొక్క దారమే తప్పిస్తూ విడిపించి నీళ్ళలోకి వదిలాడు. "ఇంతమంది కష్టానికి ఇవేనా అమ్మా?" అని అమ్మ అడిగితే, గంప సర్దుకుంటున్న ఆవిడ "నిన్న ఇవి కూడా లేవమ్మా" అంది. అమ్మ బేరం ఆడకుండా కానాగంతలు కొనింది. లాడ్జిలో వంట చేసే ఆవిడ వాటిని చింతపండు పులుసు పెట్టి ఇచ్చింది, అదనంగా ఏమీ తీసుకోలేదు. ఆ మూడు రోజుల్లో మేం తిన్న మంచి భోజనం అదే.

డచ్చివారి సమాధుల తోట ఒడ్డుకు దగ్గరలోనే ఉంది. పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వెళ్ళింది. కొన్ని సమాధులు పైకి పోయేకొద్దీ సన్నబడి కూచిగా ఉంటాయి. ఉప్పుగాలికి అరిగిన రాతి అక్షరాల మీద అమ్మ వేలు పెట్టి కదుపుతూ, "ఎంత దూరం వచ్చి పోయారో పాపం" అంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరిది. ఇంత చరిత్ర ఉన్నచోట నాలుగు మాటలు చెప్పే మనిషి ఒక్కరూ లేకపోవడం నాకు బాధగా అనిపించింది.

రెండోరోజు 700 రూపాయలకు ఆటో మాట్లాడుకుని ఎర్రమట్టి దిబ్బలకు, తొట్లకొండకు వెళ్ళాం. డ్రైవరు చెప్పిన మాట మీద నిలబడ్డాడు, ఎక్కడా తొందర పెట్టలేదు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. పైదాకా దారి ఉంది కాబట్టి అమ్మ కూడా చూడగలిగింది. భీమిలి దగ్గరి మరో బౌద్ధ కొండ పావురాళ్ళకొండ మాత్రం ఆమె వల్ల కాదని వదిలేశాం. దిబ్బల దగ్గర వాన కోసిన గండ్ల మధ్య నడుస్తుంటే గోడలు తలకంటే ఎత్తుగా లేస్తాయి. చేయి ఆనిస్తే చాలు, ఇసుక జలజలా రాలి అరచేతికి ఎర్రటి పొడి అంటుతుంది. ఎన్నో వేల ఏళ్ళ నాటి ఇసుక, ఇంత మెత్తన. దయచేసి అంచులు ఎక్కకండి, పేర్లు చెక్కకండి.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నీళ్ళు నెమ్మదిగా కనిపిస్తాయి, కానీ లోపలి లాగుడు బలమైనది. అక్కడ దిగవద్దని జాలరులే మాకు చెప్పారు. స్నానం చేయాలనుకుంటే గజ ఈతగాళ్ళు ఉండే రుషికొండ నయం. ఒడ్డున ఆడవాళ్ళకు పనికొచ్చే మరుగుదొడ్డి కోసం మాత్రం ఎంత వెతికినా దొరకక, ప్రతిసారీ గదికే తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

చివరిరోజు ఉదయం బస్సుకు గంట ముందే సామాను సర్దేశాం. అమ్మ కనిపించకపోతే ఒడ్డుకు వెళ్ళి చూశాను. చెప్పులు చేత్తో పట్టుకుని, వల లాగేవాళ్ళ పక్కన నిలబడి ఉంది, ఆవేళ ఏం పడుతుందో చూడడానికి.