టచ్ ఎ ట్రక్‌కి వెళ్లొచ్చాం, హారన్ లేని గంటలో వెళ్లండి

మొన్న శనివారం మేముండే ఊళ్లో, టెక్సస్‌లో, టచ్ ఎ ట్రక్ పెట్టారు. అమెరికాలో పిల్లలున్న మనవాళ్లు చాలామంది ఈ పేరు వినే ఉంటారు. పెద్ద పార్కింగ్ లాట్‌లో ఫైర్ ఇంజన్, అంబులెన్స్, స్కూల్ బస్సు, టిప్పర్, మనం జేసీబీ అనేసే తవ్వే బండి, అన్నీ వరసగా నిలబెట్టి పిల్లల్ని ఎక్కనిస్తారు. టికెట్ మనిషికి 5 డాలర్లు. మా వాడికి ఐదేళ్లు, సైరన్ వినపడితే చాలు చెవులు మూసుకుని నా కాళ్లకి చుట్టుకుంటాడు, అందుకే వెళ్లేదాకా నాకు ఒకటే టెన్షన్.

అయితే ఇలాంటి చోట్ల చాలావాటిలో ఒక గంట హారన్లూ సైరన్లూ మోగించరు, శబ్దం పడని పిల్లల కోసం, ఆటిజం ఉన్న పిల్లల కోసం. ఇక్కడ పొద్దున 9 నుంచి 10. మేం 9కే వెళ్లాం, బతికిపోయాం.

నాకు అన్నిటికంటే నచ్చింది ఫైర్ ఇంజన్ దగ్గర. ఒకాయన పిల్లల ముందు నేల మీద చతికిలబడి, కాసేపు మామూలుగా కబుర్లు చెప్పి, తర్వాత వాళ్లు చూస్తుండగానే బూట్లు, కోటు, హెల్మెట్, చివరికి గాలి మాస్క్ ఒక్కొక్కటే తొడుక్కున్నాడు. అందులోంచి ఊపిరి తీస్తుంటే వచ్చే చప్పుడుకి పెద్దవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. నిజంగా ఇల్లు అంటుకున్నప్పుడు పొగలో ఆ రూపం చూసి పిల్లలు భయపడి మంచం కింద దాక్కుంటారు, పిలిచినా పలకరు. ఆ భయం పోగొట్టడానికే ఇదంతా. మా వాడు నా చెయ్యి వదిలి మెల్లిగా వెళ్లి ఆ మాస్క్ ముట్టుకుని చూసి, "అమ్మా, లోపల ఆ అంకులే ఉన్నాడు" అన్నాడు.

ముక్కు పొడుగ్గా ఉండే టిప్పర్ డ్రైవర్ కూడా భలే పని చేశాడు. వాణ్ని సీట్లో కూర్చోబెట్టి, నన్ను బండికి ఎదురుగా ఆనుకుని నిలబడమని, అమ్మ కనిపిస్తోందా అని అడిగాడు. కనిపించలేదు! పెద్ద బండ్ల ముందుకి పరిగెత్తొద్దని నేనెన్నిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఒక్క నిమిషంలో ఎక్కింది. స్కూల్ బస్సు ముందు నుంచి దాటాలంటే పదడుగుల దూరం ఉండాలని కూడా నడిపించి చూపించారు.

నచ్చనిది జేసీబీ. నలభై నిమిషాలు లైన్లో నిలబెట్టి, ఎక్కించి, ఫోటో తీసి దింపేశారు. లీవర్ ముట్టుకోవద్దన్నారు సరే, భద్రత కోసమే అనుకుందాం, కనీసం ఏ లీవర్ ఏం చేస్తుందో చెప్పే మనిషి లేడు. ఆ బండి నడిపే అతను పక్కన ఉండాల్సింది. పిల్లలకి సీటు కంటే ఆ మనిషే ముఖ్యం అనిపించింది నాకు.

నీడ అస్సలు లేదు, టోపీలు, నీళ్లు తీసుకెళ్లండి. నేనైతే 5కి 4 ఇస్తాను. జేసీబీ పిచ్చి ఉన్న పిల్లలైతే గేటు తెరవగానే ముందు అటే వెళ్లండి, ఆ తర్వాత లైను తరగదు.