వెడల్పు స్లాలం స్కీ: కొలాబ్ నీళ్ళలో చాలాకాలం వాడాక

బోటు లాగే తాడు పట్టుకుని నీళ్ళ మీద ఒంటి స్కీ మీద నిలబడడం వచ్చేసి, ఇక సొంతానికి ఒకటి కొనుక్కుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను వాడుతున్నది 67 అంగుళాల స్లాలం స్కీ, అంటే రెండు పాదాలూ ఒకే స్కీ మీద పెట్టి అటూ ఇటూ మలుపులు తిరిగేది. పోటీ స్కీల కన్నా కాస్త వెడల్పు, తక్కువ వేగానికి పనికొచ్చే రకం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా స్కీని పెద్ద కంపెనీలు చాలానే చేస్తాయి, నేను చెప్పేది దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది. నా బరువు 80 కిలోలకు అటూ ఇటూ.

మేముండేది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో. స్కీ విశాఖలో దిగి, సాలూరు ఘాట్ ఎక్కి ఇంటికొచ్చింది. కొలాబ్ జలాశయం మాకు దగ్గరే. ఈ నదే కిందికెళ్ళాక శబరి అయి గోదావరిలో కలుస్తుంది. అనుమతి తీసుకుని, పొద్దున్నే గాలి లేవకముందు, చేపలు పట్టేవాళ్ళ వలలకు బాగా దూరంగా వెళ్తాం. బోటు మా బావది, 90 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్. బావ ముందుకు చూసి నడుపుతాడు, మా అబ్బాయి వెనక్కి తిరిగి కూర్చుని నన్నే చూస్తుంటాడు. ఆ మూడో మనిషి లేకపోతే మేం తాడు కూడా విప్పం.

ఈ నీళ్ళు సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉన్నాయి. ఇంత ఎత్తులో గాలి పలచన కాబట్టి టర్బో లేని ఇంజిన్ శక్తి ఎనిమిది తొమ్మిది శాతం దాకా తగ్గిపోతుంది. లోతు నీళ్ళలోంచి మనిషిని పైకి లాగేటప్పుడే ఆ లోటు బాగా తెలుస్తుంది. పోటీ స్కీ సన్నగా ఉంటుంది కదా, పైకి లేచేదాకా నీళ్ళన్నీ ఛాతీకి కొడతాయి, చేతులు లాగేస్తాయి. ఈ వెడల్పు స్కీ తొందరగా తేలుతుంది. పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు తోసే దూరం) కొంచెం తక్కువున్న ప్రొపెల్లర్ మార్చాక బావకి కూడా టెన్షన్ పోయింది. ఎత్తు ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు స్కీ మీద డబ్బులు పెట్టేముందు ప్రొపెల్లర్ సంగతి చూసుకోవాలని గట్టిగా చెప్తాను.

ఇక అసలు విషయం, ఫిన్. స్కీ తోక కింద నిలువుగా ఉండే లోహపు రెక్క అది. దాని పొడవు, నీళ్ళలోకి దిగే లోతు, స్కీ చివరి నుంచి దాని దూరం, ఈ మూడు కొలతలే స్కీ నడకను మార్చేస్తాయి. వీటిని అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కపెడతారు. నాది మెషిన్ షాపు ఉద్యోగం కాబట్టి నాకు ఆ లెక్క కొత్త కాదు, కానీ నీళ్ళలో అంత చిన్న తేడా కాళ్ళకు తెలుస్తుందని ముందు నమ్మలేదు. తెలుస్తుంది. లోతు అంగుళంలో 10 వెయ్యో వంతులు పెంచితే మిల్లీమీటరులో పావు వంతు అవుతుంది. అంత మార్పుకే నాకు స్కీ వేరేదిలా అనిపించింది.

కంపెనీ పెట్టి పంపిన అమరికతో నాకు సులువుగా తిరిగే వైపు మలుపు హాయిగానే ఉండేది. రెండో వైపు మాత్రం మలుపు సగంలో తోక జారి బయటికి పోయేది, తాడు వదులైపోయి మళ్ళీ ఒక్కసారిగా లాగేది. మా బోటు వేగం గంటకు 45 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పోటీల్లో మగవాళ్ళు 58 దాకా, ఆడవాళ్ళు 55 దాకా వెళ్తారు. వేగం తగ్గితే స్కీ నీళ్ళలో ఎక్కువ కూరుకుంటుంది, ఫిన్ మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. అందుకని ముందు లోతు ఒక్కటే పెంచాను. తోక జారడం ఆగింది. కానీ మలుపు పూర్తవడానికి టైం తీసుకోవడం మొదలైంది, స్కీ బద్ధకంగా తిరిగేది. అప్పుడు ఫిన్‌ను కొద్దిగా ముందుకు జరిపాను. మలుపు బిగిసింది, బోటు వేక్ (వెనక లేచే అలల వరుస) దాటడానికి ముందే స్కీ దిశ పట్టుకుంటోంది. ఒకసారికి ఒక్క కొలతే మార్చి, అదే నీళ్ళలో, అదే వేగంలో కొన్ని పరుగులు తీశాకే రెండోది ముట్టుకున్నాను. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

ఫిన్‌కు అడ్డంగా బిగించే చిన్న వింగ్ ఒకటి వస్తుంది. పోటీల్లో చుట్టి తిరగాల్సిన బాయ్ (నీళ్ళ మీద తేలే గుర్తు బంతి) దగ్గరికి వచ్చేముందు స్కీ వేగం తగ్గించడం దాని పని. మా వేగానికి దానితో పనిలేదు, ఊరికే లాగుతుంది. తీసేశాను. తీసేశాక మోకాళ్ళకి కూడా సుఖంగా ఉంది.

బైండింగులు, అంటే పాదాలను స్కీకి పట్టి ఉంచేవి, ముందు పాదానికి బూటు, వెనక పాదానికి పట్టీ ఉన్న రకం తీసుకున్నాను. లోతు నీళ్ళలోంచి లేచేటప్పుడు వెనక కాలు కొంచెం స్వేచ్ఛగా కదలాలి, పట్టీ అందుకు బావుంటుంది. ముందు బూటును ఒక రంధ్రం ముందుకు జరిపితే స్కీ ముక్కు కిందికి దిగి మలుపు త్వరగా మొదలవుతోంది. ఇంకో రంధ్రం జరిపితే మాత్రం ముక్కు గుచ్చుకుని, మనిషి బోర్లా పడే పరిస్థితి వస్తోంది. రబ్బరు బూటులోకి పాదం దూరాలంటే నీళ్ళు కలిపిన పిల్లల షాంపూ రాస్తే చాలు. దీనికి వేరే ద్రావణం కొనక్కర్లేదు.

ఇన్నాళ్ళ వాడకంలో స్కీ అడుగు భాగం చెక్కు చెదరలేదు. బూటు రబ్బరు మాత్రం మడమ దగ్గర పగుళ్ళు వేసింది, కొండ మీది ఎండ దానికి పడదు. వాడగానే మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి, మూసిన కారులో వదలొద్దు. ఫిన్ పట్టుకునే స్క్రూలు బోటు అదురుకి నెమ్మదిగా వదులవుతాయి, కాబట్టి దిగేముందు ప్రతిసారీ అల్లెన్ కీ పెట్టి చూడాలి. ఫిన్ అంచు కత్తిలా ఉంటుంది. పిల్లలు స్కీ ఎత్తుకొస్తుంటే తోక వైపు గుడ్డ చుట్టి ఇవ్వండి. వేసవిలో జలాశయం మట్టం తగ్గినప్పుడు కింద మోడులు బయటపడతాయి. ఆ నెలల్లో మేం దిగం. చలికాలం పొద్దున పొగమంచు పూర్తిగా తొలగేదాకా ఆగుతాం, వెట్‌సూట్ లేకుండా దిగం.

స్లాలం కోర్సు, అంటే బాయ్‌ల చుట్టూ తిరుగుతూ వెళ్ళే పోటీ, మీద మనసున్నవాళ్ళకి ఈ స్కీ ఎక్కువ కాలం సరిపోదు. కోర్సులో ఆరు బాయ్‌లు మధ్య గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. పూర్తి చేసిన కొద్దీ తాడు 18.25 మీటర్ల నుంచి 16, 14.25, 13, 12, 11.25 ఇలా కుదిస్తూ పోతారు. 11.25కి వచ్చాక తాడు బాయ్ దాకా చాలదు, ఒంటిని సాచి అందుకోవాలి. అంత చురుకుదనం వెడల్పు స్కీలో రాదు. మాలాగా ఖాళీ నీళ్ళ మీద అటూ ఇటూ కోసుకుంటూ పోవడమే ఆనందం అనుకునేవాళ్ళకి మాత్రం ధైర్యంగా చెప్తాను, కొనండి. డబ్బా విప్పిన రోజే ఫిన్ మూడు కొలతలూ వెర్నియర్ కాలిపర్‌తో (సూక్ష్మ కొలతలు తీసే పరికరం) తీసి, స్కీ పైభాగం మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసిపెట్టుకోండి.