ఉట్నూరు గుట్టల్లో ఒంటరి నడక, ఆరువందల రూపాయల గైడు

హన్మకొండ నుంచి ఆదిలాబాదుకు, అక్కడి నుంచి ఉట్నూరుకు బస్సు ప్రయాణం సాఫీగా సాగింది. వస్తానన్న బావమరిదికి మాత్రం ముందురోజు రాత్రి కడుపునొప్పి వచ్చింది. ఆ నొప్పికీ మరునాటి క్రికెట్ మ్యాచికీ సంబంధం ఉందని నా అనుమానం.

లాడ్జి గది అద్దె 900 రూపాయలు, బకెట్ వేడినీళ్లకు మరో 30. నా ఫిర్యాదు గది మీద కాదు. తోవ తెలిసినవాడని చెప్పి మేనేజరు 600 రూపాయలు ముందే తీసుకొని ఒక కుర్రవాణ్ణి పంపాడు. రెండో గుట్ట ఎక్కగానే పత్తిచేనుకు మందు కొట్టాలంటూ అతడు వెనుదిరిగాడు. నేను కూడా అప్పుడే దిగిపోవలసింది. పైదాకా చూడాలన్న పంతం కొద్దీ ముందుకు నడిచాను.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన నేల ఇది. గట్టి నల్లరాతి పొరల నడుమ అక్కడక్కడా శిథిలమైన మెత్తని ఎర్రపొర ఉంటుంది; వానలు వెలిసిన తరువాత కూడా నీరు దాని వెంబడే ఊరుతుంది. కింది నుంచి ఎక్కేవాడికి మెట్లలా స్పష్టంగా కనిపించే ఈ రాతి అంచులు, పైనుంచి దిగేవాడికి కాలి ముందుకు వచ్చేదాకా కనిపించవు. భాద్రపదంలో నడుమెత్తు పెరిగిన గడ్డి మిగిలిన ఆనవాళ్లను కూడా కప్పేస్తుంది. అలాంటి ఒక అంచు దగ్గర ఎర్రమట్టి జారి, నా చీలమండ మెలిక పడింది.

ఫోనులో సిగ్నలు లేదు. 112కు మూడుసార్లు చేసినా కలవలేదు. అర లీటరు నీళ్లు మిగిలాయి. అరిచి గొంతు పోయాక టిఫిను డబ్బా మూతను రాయితో కొడుతూ కూర్చున్నాను. రెండు గంటల తరువాత ఆ చప్పుడు విని పశువులు కాసే ఒక గోండు పెద్దాయన వచ్చాడు. "ఒక్కనివే ఎట్ల వచ్చినవ్ సారూ?" అన్నాడు. ఆయన కర్ర, ఆయన భుజం ఆసరాగా గూడెం చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి వాళ్లు పెట్టిన జొన్నరొట్టె, కందిపప్పు రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. డబ్బు ఇవ్వబోతే ఆయన ముఖం చిన్నబోయింది.

అటు వెళ్లేవారు గైడుకు సగం సొమ్ము గుట్ట దిగి వచ్చాకే ఇవ్వండి. ఏ గుట్ట ఎక్కుతున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో చివరి గూడెంలో చెప్పి, మెడలో ఒక ఈల వేసుకొని వెళ్లండి. మేనేజరు వాదించి వాదించి 200 వాపసు ఇచ్చాడు, మిగతా 400 ఆ కుర్రవాడి రెండు గంటల నడకకట.