పర్లాకిమిడి వాళ్లూ, 'పదేళ్ల గ్యారంటీ' లీకేజీ కాంట్రాక్టరుతో జాగ్రత్త

డాబాలకి తెల్ల పూత వేసి "లీకేజీకి పదేళ్ల గ్యారంటీ" అని వాట్సాప్‌లో వీడియోలు పంపుతున్నాడే, ఆయన గురించే. మన ఊళ్లో చాలామందికి తెలిసినవాడే. 800 చదరపు అడుగుల డాబా, 28 వేలు, మొత్తం ముందే ఇచ్చేశాను. ఆషాఢంలో మొదటి గట్టి వానకే హాల్లో ఫ్యాను దగ్గర మళ్లీ నీళ్లు.

పైకెక్కి చూస్తే పూత బొబ్బలెక్కి ఉంది. గోరుతో లాగితే అరచేయంత ముక్క ఊడొచ్చింది. వెనక్కి తిప్పితే పచ్చగా పాచి! వైర్ బ్రష్ పెట్టలేదు, కడగలేదు, పాచి మీదా పాత సున్నం మీదా రోలర్ తిప్పేశాడు. పూత పట్టుకోవాల్సింది కాంక్రీటుని. పాచిని పట్టుకుంటే పాచితోపాటే లేచిపోతుంది.

ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి. "గ్యారంటీ పూతకండీ, మీ శ్లాబుకి కాదు." ఆ పూతే ఊడిపోయిందయ్యా అంటే, "మీరు పైన తిరిగుంటారు" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. డాబా మీద మనిషి తిరగడం నేరమా? శ్లాబు బాగోలేదని డబ్బు జేబులో పడ్డాకనా చెప్పేది? పనికి ముందు దాన్ని చూడాల్సింది ఎవరు?

అసలు చూడనే లేదు. ఫ్యాను దగ్గర కారుతోందంటే చిల్లు దాని నెత్తిమీదే ఉన్నట్టు కాదు. నీళ్లు ఎక్కడో దిగి, శ్లాబులో వేసిన కరెంటు పైపు వెంట నడిచి ఫ్యాను బాక్సు దగ్గర బయటపడతాయి. దిగే చోట్లు ఏ డాబాకైనా దాదాపు ఇవే. పైఅంతస్తు కోసం పిల్లర్ల మీద వదిలేసిన చువ్వలు: తుప్పు ఉబ్బి చుట్టూ కాంక్రీటుని పగలగొడుతుంది, ఆ సందులోంచి నీళ్లు చువ్వ వెంటే కిందికి పోతాయి. తర్వాత పిట్టగోడ, శ్లాబు కలిసే మూల: ఎండకి రెండూ ఒకేలా సాగవు, అక్కడ బీట వస్తుంది. మూడోది వాన నీళ్లు బయటికి పోయే తూము: నున్నటి పీవీసీ పైపుని సిమెంటు గట్టిగా పట్టుకోదు, చుట్టూ సందు పడుతుంది. ఈ మూడింటినీ వదిలేసి, కారని మధ్య భాగానికి పూత వేసి వెళ్లిపోయాడు.

చేయాల్సింది ఏమిటంటే, పిట్టగోడ మూల పొడుగునా 10–12 మిల్లీమీటర్ల లోతు గాడి కొట్టి, దుమ్ము కడిగి, 1:3 సిమెంటు ఇసుకలో లేటెక్స్ (సిమెంటుకి పట్టు పెంచే ద్రవం) కలిపి నింపాలి. దాని మీద రెండంగుళాల గుండ్రటి మలుపు కట్టి, పూతని పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎక్కించాలి. మన దగ్గర గాలివాన పక్కనుంచి కొడుతుంది, తిత్లీ తుపాను చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తూము చుట్టూ సందు మూసే పాలీయురేథేన్ సీలెంట్. చువ్వలకి తుప్పు గీకి, మళ్లీ పట్టకుండా జింక్ ప్రైమర్, వాటి మొదలు చుట్టూ చిన్న కాంక్రీటు దిమ్మ.

ఇక పూత సంగతి. 20 లీటర్ల బకెట్టు ఒక్కటే తెచ్చాడు. ఇలాంటి యాక్రిలిక్ పూతలు రెండు కోటింగులకి కలిపి లీటరుకి సుమారు 20–25 చదరపు అడుగులే వస్తాయి, డబ్బా మీదే రాసుంటుంది. ఆ లెక్కన 32 నుంచి 40 లీటర్లు కావాలి. 20 లీటర్లు 800 అడుగులకి పరిస్తే తడిగా ఉన్నప్పుడే పావు మిల్లీమీటరు, ఆరాక ఇంకా తక్కువ. మధ్యలో ఫైబర్ మెష్ (పూత బీటలివ్వకుండా పరిచే వల) కూడా లేదు. బకెట్లు లెక్కపెట్టకపోవడం నా తప్పు. ఆ ఒక్క పని చేసుంటే అప్పుడే ఆపేద్దును. ఇప్పుడు ఇదంతా గీకితే గానీ కొత్త పూత నిలవదు, ఆ కూలి వేరే.

పని పెట్టుకునేవాళ్లు పూతకి ముందు అడుగున్నర ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపు వేసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న అడుగున చెమ్మ ఉంటే పూత వద్దు. పని అయ్యాక తూము మూసి అంగుళం నీళ్లు 48 గంటలు నిలబెట్టి చూశాకే ఆఖరి మూడో వంతు ఇవ్వండి. కింద పెచ్చులూడి చువ్వలు కనబడుతుంటే మాత్రం నీళ్లు నిలబెట్టొద్దు, బరువు ప్రమాదం. బిల్లు తప్పకుండా రాయించుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయాలన్నా అదే ఆధారం.

ఊడిన ముక్క దాచాను. ఆయనకి అడ్వాన్సు ఇవ్వబోతున్నవాళ్లు వచ్చి వెనకవైపు పాచి చూసి వెళ్లండి.