మద్దిలపాలెంలో చూసిన కారేనా హనుమంతవాకలోనూ? పోల్చడానికి ఏది మేలు?

విశాఖ రోడ్ల మీద ఒక్క ట్రాఫిక్ కెమెరా పరిధిలో బండిని వెంటాడటం సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు పెద్ద పనేం కాదు. 1960 నాటి కాల్మన్ ఫిల్టరు అనే లెక్కతో తర్వాతి ఫ్రేములో అది ఎక్కడుంటుందో అంచనా కట్టి, ఆ దగ్గర్లో దొరికినదానికి సాఫ్ట్‌వేర్ ముందు పెట్టుకున్న గుర్తు నంబరే ఇస్తారు. 2016లో వచ్చిన సార్ట్ పద్ధతి చేసేది దాదాపు ఇంతే. చిక్కంతా బండి ఆ కెమెరా దాటాకే. మద్దిలపాలెంలో 47 అని నంబరిచ్చిన తెల్ల కారు, హనుమంతవాకలో 12గా తేలితే రెండూ ఒకటేనని తేల్చేదెలా? రూపం చూసి పోల్చొచ్చు, నేల మీద చోటు లెక్కగట్టొచ్చు, నంబర్ ప్లేటు చదవొచ్చు.

అందరూ ముందు ఎగబడేది రూపం మీదికే. బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం, అంటే న్యూరల్ నెట్‌వర్క్, ఒక్కో బొమ్మను అంకెల వరసగా మారుస్తుంది. రెండు వరసలు దగ్గరగా ఉంటే ఒకే బండి అనుకుంటుంది. చైనాలోని ఒక యూనివర్సిటీలో 6 కెమెరాలతో తీసిన మార్కెట్-1501 లాంటి మనుషుల బొమ్మల డేటా మీద దీని మార్కులు అదిరిపోతాయి. మన ఆటోల దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. అదే కంపెనీ, అదే రంగు. తేడా చూపేది వెనకాల అంటించిన హీరో బొమ్మ ఒక్కటే, దూరం నుంచి చూసే కెమెరాకు అదీ మచ్చలాగే కనిపిస్తుంది. బీచ్ రోడ్డులో అయితే పొద్దున్నే సముద్రం మీంచి ఎండ ఎదురు కొడుతుంది, తెల్ల కారు కూడా నల్ల నీడగా పడుతుంది. మనుషుల విషయంలో ఇది కాస్త నయం. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్ల దారిలో పిల్లాడు తప్పిపోతే చొక్కా రంగు, సంచీ పట్టుకుని వెతకొచ్చు, ఆషాఢం వానకు రెయిన్‌కోటు తొడగనంత వరకు.

నాకు ఎక్కువ నమ్మకం నేల లెక్క మీద. జగదాంబ జంక్షన్ లాంటి చోట ఒకే స్థలాన్ని రెండు మూడు కెమెరాలు చూసేలా పెట్టుకోవచ్చు. జీబ్రా గీతల మూలలు కనీసం నాలుగు మ్యాపులో గుర్తిస్తే చాలు, చక్రం నేలను తాకిన చోటు మ్యాపు మీదికి వచ్చేస్తుంది. రెండు కెమెరాల్లోనూ ఒకే క్షణాన ఒకే చోట ఉన్నది ఒకే బండి. రంగుతో పనే లేదు, ఆటోలన్నీ ఒకేలా ఉన్నా బాధ లేదు.

కాకపోతే కెమెరాల గడియారాలు కలవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. అర సెకను తేడా ఉన్నా వెనక బండి ముందు బండిగా నమోదైపోతుంది. పైగా ఈ లెక్క నేల చదునుగా ఉంటేనే సరిపోతుంది. ఎన్ఏడీ కొత్త రోడ్డులో ఫ్లైఓవర్ మీద బండీ, కింద బండీ బొమ్మలో ఒకేచోట కనిపించొచ్చు, అక్కడ ఏ అంతస్తుకు ఆ లెక్క విడిగా కట్టాలి. తుఫాను గాలికి స్తంభం కాస్త ఒరిగితే గుర్తులు మళ్లీ మొదటి నుంచీ పెట్టుకోవాల్సిందే.

నంబర్ ప్లేటు చదవగలిగితే ఇక వాదనే లేదు. కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి చేశాక చదవడం తేలికైంది. అయినా ఎత్తున బిగించిన మామూలు కెమెరాకు అక్షరాలు అందవు, దానికి ప్రత్యేకంగా కెమెరా పెట్టాలి. ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న స్కూటర్ల ప్లేట్లు ఎలాగూ కనపడవు. ఇంకో సంగతి, ప్లేటు నేరుగా యజమాని దాకా తీసుకెళ్తుంది. ట్రాఫిక్ ఎంతసేపు ఆగుతోందో తెలియడానికి బండి ఎవరిదో నమోదు చేసి ఉంచుకోవడం నాకు అతిగా అనిపిస్తుంది.

జంక్షన్ లోపల నేల లెక్కకే నా ఓటు. జంక్షన్ల మధ్య అయితే ముందు టైము చూడాలి. మద్దిలపాలెం దాటిన కారు 20 సెకన్లలో హనుమంతవాకలో తేలదు. ఇసుకతోట దగ్గర ఎంవీపీ కాలనీ వైపు తిరిగిపోతే అసలు రానే రాదు. ఆ టైములో రాగలిగినవాటినే ఏరితే పోటీలో మిగిలేవి కొన్నే, వాటి మధ్య రూపం పోల్చడానికి మామూలు న్యూరల్ నెట్‌వర్క్ చాలు. ఖరీదైన నెట్‌వర్క్ కొనే డబ్బుంటే ముందు గడియారాలు కలపడానికి పెట్టమంటాను.

ఎవరైనా తమ సాఫ్ట్‌వేర్ గొప్పదని వస్తే ఐడీఎఫ్1 స్కోరు ఎంతో అడగండి. ఒక బండికి ఇచ్చిన నంబరు చివరిదాకా ఎంత నిలిచిందో చెప్పేది అదే. అదీ ఆ కంపెనీ వీడియో మీద కాదు, గాజువాకలో వాన పడిన రాత్రి తీసిన వీడియో మీద లెక్కగట్టి చూపించమనండి.